నెలసరి మాట: విద్యార్థులు అడిగిన చరిత్ర, మనం అడగాల్సిన సంగతి



సావనీరుకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, మేము మన్యం పోరాటం గురించో, థింసా గురించో, ఇటుకల పండుగ గురించో రాస్తామని అనుకొని ఉంటారు. వాటి గురించి మాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. మేము హాస్టల్లో ఆడపిల్లల మధ్య బతికేవాళ్ళం. మాకు తెలిసిన చరిత్ర ట్రంకుపెట్టెల్లో, స్నానాల గదుల దగ్గర, హాజరుపట్టీల్లో ఉంటుంది. అందుకే నెలసరి ఆరోగ్యం కోసం విద్యార్థులు ఎక్కడెక్కడ ఎలా అడిగారో, ఏం సాధించుకున్నారో రాస్తున్నాం. మగపిల్లలు ఇది మనది కాదని పేజీ దాటేయకండి. ఈ చరిత్రలో మగపిల్లలు కూడా ఉన్నారు.

ఎందుకు రాయాలనిపించిందో ముందు చెప్పాలి. మా హాస్టల్లో ఉండి ఇంటర్ పూర్తి చేసిన ఒక అమ్మాయి పట్నంలో డిగ్రీలో చేరింది. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. సెమిస్టర్ ఇంకా అవ్వకుండానే ఒకరోజు టైడా స్టేషన్లో పాసింజర్ దిగి, పెట్టెతో సహా మా దగ్గరికి వచ్చింది. హాజరు తగ్గింది, పరీక్ష ఫీజు కట్టించుకోలేదు అంది. జ్వరమా అని అడిగితే తల దించుకుంది. కాసేపటికి చెప్పింది. కాలేజీలో ఆడపిల్లల బాత్రూం తలుపుకు గడియ లేదు, కుళాయిలో నీళ్ళు రావు, వాడిన ప్యాడ్ పడెయ్యడానికి డబ్బా లేదు. అందుకని నెలకు మూడేసి రోజులు గదిలోనే ఉండిపోయింది.

లెక్క వేసి చూశాం. సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుంటే, 75 శాతం హాజరుకు 68 రోజులు వెళ్ళాలి. మానడానికి మిగిలేవి 22 రోజులు. నెలకు మూడు రోజుల చొప్పున అయిదు నెలలకు 15 రోజులు నెలసరికే పోయాయి. ఒకసారి జ్వరం, ఒకసారి పండక్కి ఊరు రావడం, దారిలో బస్సు దొరకకపోవడం. 22 దాటిపోయింది.

"మరి ఎవరినైనా అడిగావా అమ్మా?" అన్నాం. "ఎవరిని అడగాలో తెలీలేదు మేడం" అంది.

ఆ మాట మమ్మల్ని పట్టుకుంది. పదేళ్ళు మా దగ్గర చదివిన పిల్లకు లెక్కలు నేర్పాం, వ్యాకరణం నేర్పాం. అడగడం నేర్పలేదు.

మా రోజుల్లో

మేము 1990లలో ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాం. అప్పుడు పాత చీర గుడ్డే. దాన్ని చీకటి పడ్డాక గెడ్డలో ఉతికి, ఎవరికీ కనపడకుండా పరికిణీ కింద ఆరవేసేవాళ్ళం. అనంతగిరి కొండల్లో వానాకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. జూన్ నుంచి ముసురు, ఆ తర్వాత మంచు. ఎండ తగలని గుడ్డ ఆరదు. ఆరని గుడ్డే మళ్ళీ కట్టుకునేవాళ్ళం. దురదలు, పుళ్ళు వస్తే పసుపు రాసుకొని ఊరుకునేవాళ్ళం. పెద్దమనిషి అయ్యాక బడి మానేసిన స్నేహితురాళ్ళు మా తరగతిలోనే ఉన్నారు. వాళ్ళ పేరు ఎదురుగా హాజరుపట్టీలో "దీర్ఘకాలిక గైర్హాజరు" అని ఉండేది. ఎందుకు రాలేదో రాసే గడి అందులో లేదు.

ఇళ్ళలో కొన్నిచోట్ల ఆ రోజుల్లో ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టేవారు. ఆ ఆచారంలో బరువు పనుల నుంచి కాస్త విశ్రాంతి ఉండేది. సిగ్గు కూడా ఉండేది. విశ్రాంతిని వదిలేసి సిగ్గును మాత్రం మోసుకుంటూ మేము చదువుల్లోకి వచ్చాం. తర్వాత ఉపాధ్యాయ శిక్షణలో బోధనా పద్ధతులు, పిల్లల మనస్తత్వం చెప్పారు. పన్నెండేళ్ళ పిల్ల తరగతిలో బల్ల మీంచి లేవలేక ఏడుస్తుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అది మేము హాస్టల్లో ఒకరిని చూసి ఒకరం నేర్చుకున్నదే.

నూరేళ్ళ కిందటే ఒక బడి

ఇది ఈ కాలపు కొత్త కోరిక అనుకునేవాళ్ళు ఉన్నారు. అప్పటి కొచ్చిన్ సంస్థానంలో, ఇప్పటి కేరళలోని త్రిప్పుణిత్తురలో ఒక ప్రభుత్వ బాలికల పాఠశాల ఉండేది. 1912లో అక్కడ నెలసరి రోజుల్లో వార్షిక పరీక్షలకు రాలేకపోయిన పిల్లలు తర్వాత రాసుకోవడానికి అనుమతి ఇచ్చారు. బడి ఉపాధ్యాయులు ఇబ్బందిని గమనించి పై అధికారికి తెలిపితే వచ్చిన అనుమతి అది. అంటే స్వాతంత్ర్యానికి 35 ఏళ్ళ ముందే ఒక బడి ఈ సంగతిని కాగితం మీద పెట్టింది.

1992లో బీహార్ ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది. అది ఉద్యోగులు సమ్మె చేసి, మిగతా కోరికలతో పాటు దీన్ని కూడా జాబితాలో రాసి తెచ్చుకున్నది. జాబితాలో రాయకపోతే ఎవరూ గుర్తుపెట్టుకొని ఇచ్చేవారు కాదు.

గుడ్డ నుంచి ప్యాడ్‌కు

2011లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఒక పథకం మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లోని 107 జిల్లాల్లో ఆశా కార్యకర్తల ద్వారా 'ఫ్రీడేస్' పేరుతో ఆరు ప్యాడ్ల ప్యాకెట్ రూ.6కు ఇచ్చారు. పల్లెల్లోని పిల్లల కోసం ప్రభుత్వం ఈ మాట పైకి ఎత్తడం అప్పటికి కొత్త. కోయంబత్తూరు దగ్గర అరుణాచలం మురుగనాథం అనే సామాన్యుడు తక్కువ ఖర్చుతో ప్యాడ్లు చేసే యంత్రం తయారుచేశాడు. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. 2014 నుంచి మే 28వ తేదీని ప్రపంచ నెలసరి పరిశుభ్రత దినంగా జరుపుతున్నారు. నెలసరి సగటున 28 రోజులకు వస్తుంది, అయిదు రోజులు ఉంటుంది. అందుకే అయిదో నెల, 28వ తేదీ.

2018 జూన్‌లో జనౌషధి కేంద్రాల్లో 'సువిధ' ప్యాడ్లు ఒక్కొక్కటి రూ.2.50కు వచ్చాయి. 2019 ఆగస్టు నుంచి ఒక్కొక్కటి ఒక్క రూపాయే. పట్నంలో చదివే మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళు పక్క గదిలో చెప్పండి.

విద్యార్థులు గొంతు విప్పిన రోజులు

2015 మార్చిలో జర్మనీలో ఒక అమ్మాయి ప్యాడ్ల మీద మాటలు రాసి ఊళ్ళో గోడలకు, స్తంభాలకు అంటించింది. అదే నెలలో ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియా విద్యార్థులు తమ క్యాంపస్‌లో అలాగే చేశారు. కొందరికి సంజాయిషీ నోటీసులు వచ్చాయి. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు కూడా అందుకున్నారు. గోడకు ప్యాడ్ అంటించడం సరైన పనేనా అని అప్పట్లో చాలామంది ముఖం చిట్లించారు. మేము కూడా చిట్లించినవాళ్ళమే. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. దుకాణంలో నల్ల కవర్లో చుట్టి ఇచ్చే వస్తువు గురించి వార్తాపత్రికల్లో పేరు పెట్టి రాయడం ఆ అల్లరి తర్వాత చాలా పెరిగింది.

2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చింది. ప్యాడ్ల మీద 12 శాతం పన్ను వేశారు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న జర్మీనా ఇస్రార్ ఖాన్ అనే విద్యార్థిని ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. బొట్టుబిళ్ళకు, కాటుకకు, సిందూరానికి లేని పన్ను దీనికెందుకన్న ప్రశ్న కోర్టులో వచ్చింది. 2018 జనవరిలో గ్వాలియర్‌లో విద్యార్థులు, సామాజిక కార్యకర్తలు కలిసి ప్యాడ్ల మీదే తమ కోరిక రాసి ప్రధానికి పంపే ఉద్యమం చేశారు. 2018 జూలై 21న జీఎస్‌టీ మండలి ఆ పన్నును పూర్తిగా తీసేసింది. ఏడాది పైన పట్టింది. ఒకరు కోర్టుకు వెళ్ళారు, కొందరు ఉత్తరాలు రాశారు, ఇంకొందరు సంతకాలు సేకరించారు. అన్నీ కలిసి పనిచేశాయి.

మన రాష్ట్రంలో స్వేచ్ఛ

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్ 5న 'స్వేచ్ఛ' కార్యక్రమం మొదలైంది. ప్రభుత్వ బడుల్లో, జూనియర్ కాలేజీల్లో 7 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితం అన్నారు. 10 లక్షల మందికి పైగా పిల్లలకు ఉద్దేశించిన కార్యక్రమం. పెట్టెలు హాస్టల్‌కు వచ్చిన రోజు మాకు బాగా గుర్తు. చిన్నపిల్లలు నవ్వి పారిపోయారు. పెద్ద తరగతులవాళ్ళు లైనులో నిలబడి సంతకం పెట్టి తీసుకున్నారు. మాలో ఒక వంటామె పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆమె అయిదో తరగతితో చదువు మానేసిన మనిషి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. స్వేచ్ఛ 12వ తరగతితో ఆగింది. 2023 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఒక పిటిషన్‌పై, బడిపిల్లల నెలసరి పరిశుభ్రతకు దేశమంతటికీ ఒకే విధానం తయారుచేయమని కేంద్రానికి చెప్పింది. ఆ పిటిషన్ అడిగింది కూడా 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసమే. అంటే పిల్ల మా కళ్ళముందు ఉన్నంతకాలం ఏదో ఒకటి చేతికి వస్తుంది. ఇంటర్ దాటి, కొండ దిగి, తెలియని ఊళ్ళో అద్దెగదిలోనో పోస్ట్‌మెట్రిక్ హాస్టల్లోనో ఒంటరిగా ఉన్నప్పుడు ఆగిపోతుంది. అప్పుడు ఏఎన్‌ఎం అక్క ఉండదు, మేమూ ఉండం. పథకం ఆగిన చోట విద్యార్థి నోరు తెరవాలి. మిగతా విశ్వవిద్యాలయాల పిల్లలు చేసింది అదే.

కొచ్చిన్ పిల్లలు ఏం చేశారు

కేరళలోని కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘం ఈ విషయం మీద అధికారులకు వినతిపత్రం ఇచ్చింది. 2023 జనవరి 11న ఉత్తర్వు వచ్చింది. ఆడపిల్లలకు ప్రతి సెమిస్టర్‌లో హాజరులో 2 శాతం అదనపు మినహాయింపు. అంటే వాళ్ళకు 75 శాతం బదులు 73 శాతం ఉంటే చాలు. ఎనిమిది రోజులకు, జనవరి 19న, కేరళ ప్రభుత్వం దాన్ని తన ఉన్నత విద్యాశాఖ కింద ఉన్న విశ్వవిద్యాలయాలన్నిటికీ వర్తింపజేసింది.

2 శాతం అంటే ఎంత? 90 రోజుల సెమిస్టర్‌లో 68 రోజుల బదులు 66 రోజులు వెళితే చాలు. రెండు రోజులే. చాలా చిన్నది. కాని దాని కోసం డాక్టరు చీటీ తేనక్కర్లేదు. మగ అధ్యాపకుడి ముందు నిలబడి కారణం చెప్పనక్కర్లేదు. మనలాంటి చోట నుంచి వెళ్ళిన పిల్లకు ఆ రెండో భాగమే పెద్దది.

2024లో చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం కూడా నెలకు ఒక రోజు సెలవు ఇచ్చింది. సెమిస్టర్‌కు నాలుగు రోజులకు మించకూడదు, పరీక్షల రోజుల్లో వర్తించదు అని షరతులు పెట్టింది.

ఎదుటి వాదన కూడా చెప్పడం న్యాయం. 2023 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు ముందుకు విద్యార్థినులకు, ఉద్యోగినులకు నెలసరి సెలవు కావాలన్న పిటిషన్ వచ్చింది. ఇది ప్రభుత్వం తేల్చాల్సిన విధాన విషయమని కోర్టు చెప్పింది. అక్కడే న్యాయశాస్త్రం చదివే ఒక విద్యార్థి లేచి, సెలవు తప్పనిసరి చేస్తే ఆడవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకోవడానికి యజమానులు వెనకాడతారని వాదించారు. ఆ భయం ఊరికే తోసేసేది కాదు. మా అభిప్రాయం ఏమిటంటే, సెలవు ఒక్కటే వైద్యం కాదు. గడియ లేని తలుపు సెలవు ఇచ్చినా అలాగే ఉంటుంది. సెలవు ఇంట్లో కూర్చోవడానికి పనికొస్తుంది. నీళ్ళు, గడియ, డబ్బా, మందు తరగతిలో కూర్చోవడానికి పనికొస్తాయి. రెండూ అడగాలి. ఏది ముందు అంటే, తరగతిలో కూర్చోబెట్టేదే ముందు.

బయటి దేశాల్లో

ఇంగ్లండ్‌లో అమికా జార్జ్ అనే అమ్మాయి ఉంది. ఆమె అమ్మానాన్నల మూలాలు కేరళలో ఉన్నాయి. ప్యాడ్లు కొనలేక బడి మానేస్తున్న పిల్లల గురించి చదివి, 2017లో పదిహేడేళ్ళ వయసులో ఒక అర్జీ మొదలుపెట్టి సంతకాలు సేకరించింది. ఆ డిసెంబర్‌లో ఎర్ర బట్టలు వేసుకొన్న జనం లండన్‌లో ప్రధాని ఇంటి దగ్గర వీధిలో నిలబడ్డారు. 2020 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడులకు, కాలేజీలకు ఉచితంగా ప్యాడ్లు ఇవ్వడం మొదలైంది.

స్కాట్లాండ్ ఇంకా ముందుకు వెళ్ళింది. 2018 నుంచే బడులు, కాలేజీలు, విశ్వవిద్యాలయాలు మూడింటిలోనూ ఇచ్చారు. 2020 నవంబర్‌లో చట్టం చేశారు. 2022 ఆగస్టు 15 నుంచి అవసరం ఉన్న ఎవరికైనా ఉచితం. మన స్వాతంత్ర్య దినోత్సవం తేదీ కాబట్టి సులువుగా గుర్తుంటుంది.

మగపిల్లలకు చెప్తామన్న మాట ఇక్కడ. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 2016లో విద్యార్థి సంఘం నాయకుడు వియెట్ న్గుయెన్ అనే అబ్బాయి. క్యాంపస్ బాత్రూముల్లో ఉచితంగా ప్యాడ్లు పెట్టించే పని అతని ఆధ్వర్యంలో విద్యార్థి సంఘమే నడిపింది. అతను సిగ్గుపడలేదు. తన చెల్లెలు కాలేజీ మానేసి ఇంటికి వస్తే మీలో ఎవరైనా సిగ్గుపడి ఊరుకుంటారా?

మన కొండల్లో ఇనుము, మన ఒంట్లో ఇనుము

మన టైడా మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసిందే బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. పగలూ రాత్రీ ఇనుము మన గుమ్మం ముందు నుంచి పోతూనే ఉంటుంది. మన పిల్లల రక్తంలో మాత్రం ఇనుము తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. నెలనెలా రక్తం ఎక్కువ పోయే పిల్లకు అది ఇంకా కిందికి దిగుతుంది. మెట్లు ఎక్కితే ఆయాసం, తరగతిలో నిద్ర, పాఠం తలకెక్కకపోవడం. "ఈ పిల్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అని రిపోర్టులో రాస్తారు.

బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మీరంతా మింగే ఉంటారు, కొందరు కిటికీలోంచి పారేసే ఉంటారు. అది కూడా డిగ్రీకి వెళ్ళాక ఎవరూ చేతిలో పెట్టరు. ఇంకో ముఖ్యమైన మాట. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. దాని నిర్మూలన కోసం 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలై, 40 ఏళ్ళలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. రక్తం తక్కువగా ఉందని తేలితే సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించుకోండి. ఆ జబ్బు ఉన్నవాళ్ళు ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పకుండా సొంతంగా వాడకూడదు. అందుకే మేము విశ్వవిద్యాలయాల్లో ప్యాడ్ల పెట్టె ఒక్కటే చాలదంటున్నాం. ఏడాదికొకసారి రక్తపరీక్ష, వారానికొకసారైనా లేడీ డాక్టరు కావాలి.

గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటి రక్తం పోతున్నా, నొప్పికి మంచం దిగలేకపోతున్నా, 15 ఏళ్ళు నిండినా మొదలవకపోయినా ఆసుపత్రికి వెళ్ళాలి. "ఆడపుట్టుక పుట్టాక తప్పదు" అని ఇంట్లో అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా వెళ్ళాలి.

అడగడం మనకు కొత్త కాదు

మనవాళ్ళకు నోరు లేదని బయటివాళ్ళు అంటుంటారు. టైడాకు దగ్గర్లోనే బొర్రా ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ళ భూములను గనుల కోసం బయటివారికి లీజుకు ఇచ్చినప్పుడు సమత సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. దేశమంతా న్యాయ కళాశాలల్లో చదివే తీర్పు మన మండలం నుంచి పుట్టింది. కొండ కోసం అడగగలిగినవాళ్ళం, మన ఆడపిల్ల ఒంటి కోసం అడగలేమా?

మన పిల్లలు ఇప్పుడు దూరం వెళ్తున్నారు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తున్నారు. 2019లో విజయనగరంలో తరగతులు మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి వెళ్తున్నారు. హైదరాబాద్‌కు, ఢిల్లీకి కూడా వెళ్తున్నారు. మీరు ఏ క్యాంపస్‌లో ఉన్నా చెయ్యాల్సిన పని ఇది.

మొదట లెక్క పెట్టండి. ఆడపిల్లలు ఎంతమంది, బాత్రూములు ఎన్ని, గడియ పడేవి ఎన్ని, నీళ్ళు వచ్చేవి ఎన్ని, మూతడబ్బాలు ఎన్ని. "బాగాలేదు" అని రాస్తే చదివి పక్కన పెడతారు. "ఆరింటిలో నాలుగింటికి గడియ లేదు" అని రాస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది. తర్వాత కాగితం మీద రాసి, నలుగురు సంతకాలు పెట్టి, ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఒక్కరే వెళ్ళకండి. 2023లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో, విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో కనీసం ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల నుంచి కనీసం ఒకరు ఉండాలి. అక్కడా కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రూ.10 ఫీజుతో అర్జీ పెట్టి, విద్యార్థినుల సౌకర్యాలకు ఎంత ఖర్చు పెట్టారో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

వాడిన ప్యాడ్లు పడేసే సంగతి కూడా అడగండి. ప్యాడ్లు తయారుచేసే కంపెనీలు వాటిని చుట్టి పారేయడానికి కవరు ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. కొండ మీద ఉన్నప్పుడు గెడ్డలో వెయ్యకండి. ఆ నీళ్ళే కింద ఊరివాళ్ళు తాగుతారు. గుడ్డ వాడేవాళ్ళు సిగ్గుపడక్కర్లేదు. శుభ్రంగా ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టిన నూలు గుడ్డ మంచిదే. దాన్ని దాచిపెట్టి ఆరవేసే చీకటే చెడ్డది.

ఆ అమ్మాయి సంగతి

పెట్టెతో వచ్చిన పిల్లను మేము వారం రోజులు మా దగ్గరే ఉంచుకున్నాం. రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ బాగా తక్కువ ఉంది. మందులు మొదలయ్యాయి. వాళ్ళ నాన్న వచ్చి, "చదువు చాల్లెండి మేడం, సంబంధం చూస్తాం" అన్నాడు. ఆయనతో రెండు పూటలు మాట్లాడాం. ఆడపిల్ల తండ్రితో ఈ మాట ఎలా ఎత్తాలా అని మొదట మాకే నోరు రాలేదు. చివరికి లెక్క చెప్పాం. 90 రోజులు, 68 రోజులు, 15 రోజులు. ఆయన చదువుకోలేదు కాని మిరియాల లెక్క వేళ్ళ మీద తేల్చే మనిషి. "అంటే పిల్ల మొద్దు కాదన్నమాట. తలుపుకు గడియ లేకపోవడం వల్లనా?" అన్నాడు. అంతే, మర్నాడు తనే రైలెక్కించాడు.

ఆ సెమిస్టర్ పోయింది. అది తిరిగి రాలేదు. తర్వాతి ఏడాది ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తనతో పాటు ముగ్గురు పిల్లలను కలుపుకొని బాత్రూములు లెక్కపెట్టింది. ఉత్తరం రాసి, ముసాయిదా ఫోన్లో మాకు పంపితే తప్పులు దిద్ది పంపాం. రెండు నెలలకు గడియలు వచ్చాయి, మూతడబ్బాలు వచ్చాయి. ఆడపిల్లల విశ్రాంతి గదిలో ఒక పెట్టె పెట్టి, అవసరమైనవాళ్ళు ఒక ప్యాడ్ తీసుకొని తర్వాత ఒకటి తెచ్చిపెట్టే ఏర్పాటు పిల్లలే చేసుకున్నారు. నీళ్ళు ఇంకా పూటకొకసారే వస్తున్నాయి. లేడీ డాక్టరు ఇంకా రాలేదు. రెండో ఉత్తరం రాస్తున్నామని మొన్న ఫోన్ చేసి చెప్పింది.

ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి. పెట్టెలు ఒక ఏడాది వస్తాయి, ఒక ఏడాది ఆలస్యమవుతాయి. పైన చెప్పిన చరిత్రలో 1912 నుంచి ఇప్పటివరకు ఎక్కడ చూసినా ఎవరో ఒకరు కాగితం మీద రాసి అడిగారు. ఆ తర్వాతే వచ్చింది. ఈ జూన్ నుంచి మా హాస్టల్లో పై తరగతుల పిల్లలకు వెళ్ళేముందు సెలవు చీటీతో పాటు వినతిపత్రం రాయడం కూడా నేర్పుతున్నాం. మీరు ఇప్పటికే కొండ దిగి వెళ్ళినవాళ్ళు. మీ వెనక మా పిల్లలు వస్తున్నారు. వాళ్ళు వచ్చేసరికి మీ కాలేజీలో తలుపుకు గడియ ఉండేలా చూడండి.

జోహార్.